పొగగొట్టం లేని కర్మాగారం

ఇటీవల మా సాహిత్య సమావేశంలో ఒక యువ మిత్రుడు తన కథ చదివాడు. పల్లెటూరికి బ్యాటరీ ప్రాజెక్టు రావడం కథావస్తువు. మొదటి పేరాలోనే ఆకాశాన్నంటే పొగగొట్టం. తెల్లవారుజామున సైరన్ కూత. గేటు ముందు వందలాది కార్మికుల బారు. ప్రాజెక్టు నుంచి వదిలిన ఆమ్లం కాలువలో కలుస్తుంది, పొలాలు మాడిపోతాయి. చివర్లో రైతులూ కార్మికులూ చేయి కలిపి గేటు బద్దలు కొడతారు. చదివిన తీరు బాగుంది. వర్గదృక్పథం స్పష్టంగా వుందని ఒకరూ, ముగింపు ఆశావహంగా వుందని మరొకరూ మెచ్చుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు కాస్త మొరటుగానే అన్నాను: "కథలో అన్నీ వున్నాయి. బ్యాటరీ ప్రాజెక్టు ఒక్కటే లేదు."

సభ ముగిశాక అతను నన్ను వదల్లేదు. బస్టాపు దాకా వెంట వచ్చాడు. కోపంతో వస్తున్నాడేమో అనుకున్నాను గాని, కాదు. వాళ్ళ వూరు అనకాపల్లి అవతల. సబ్‌స్టేషన్ పక్కన సర్వే రాళ్ళు పాతారట. వాళ్ళకున్న మూడెకరాలూ ఆ రాళ్ళ లోపల పడ్డాయి. కౌలుకిమ్మని ఎవరో వచ్చి అడిగి వెళ్ళారు. తండ్రి కొడుకుని అడిగాడు: "ఇచ్చేత్తే ఏటవుద్దిరా? అదసలు ఏటిది?" చదువుకున్న కొడుకు సమాధానం చెప్పలేకపోయాడు. చెప్పలేక కథ రాశాడు.

మనలో చాలామంది కథలు ఇలాగే పుడతాయి. అందులో తప్పు లేదు. ఐతే ఆ తండ్రి ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం.

నేను ఇంజనీరును కాను. పంతులుద్యోగం దొరక్క ముందు ఆరేళ్ళపాటు విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ షాపులో పనిచేశాను. ఆ ఆరేళ్ళ చదువుకి ఆ తర్వాత పుస్తకాల్లో చదివింది కొంత కలిపి చెబుతున్నాను. ఆ మిత్రుణ్ణి కూడా ముందు అక్కడికే తీసుకుపోయాను.

ఆటోనగర్‌ని చూడనివారికి చెప్పాలంటే, అది గాజువాక పక్కన, ఉక్కు కర్మాగారానికీ నౌకాశ్రయానికీ మధ్య నడిచే లారీలన్నీ వచ్చి పడే ఆస్పత్రి. లేత్ షెడ్లు, వెల్డింగు, టింకరింగు, బాడీ బిల్డింగు, పాత ఇనుము. ఇక్కడి పనివాళ్ళలో చాలామంది ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాల బిడ్డలు. అరవైకి పైగా గ్రామాలు ఆ కర్మాగారం కింద పోయాయి. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి పునరావాస కాలనీల్లో ఇప్పటికీ "ఆర్ కార్డు" అన్న మాట వినిపిస్తుంది. ఉద్యోగం ఇస్తామని నిర్వాసితులకిచ్చిన కార్డు అది. కార్డు చేతిలో వుండీ ఉద్యోగం రాని మనుషుల్ని నేను షాపులో నా పక్కనే చూశాను. మా ఓనరు తండ్రి వాళ్ళలో ఒకడు.

షాపు ఇప్పుడూ అలాగే వుంది. ఒక పొడవైన చెక్క బల్ల, బల్ల మీద వరసగా బ్యాటరీలు, ఒకదానికొకటి తగిలించిన తీగలు, మూలన చార్జింగు పెట్టె. పుల్లటి వాసన. ఆ వాసన నాకు యిరవై యేళ్ళు వదల్లేదు. ఆమ్లం చుక్క లుంగీ మీద పడితే అప్పటికప్పుడు ఏమీ కాదు. ఉతికిన తర్వాత చూస్తే చిల్లు. మాలో ఎవరు కొత్తవాడో, ఎవరు పాతవాడో లుంగీ చెప్పేది. అంతకంటే ప్రమాదకరమైంది కంటికి కనబడదు: సీసం పొడి. పాత బ్యాటరీలు బద్దలు కొట్టి సీసం కరిగించే చోట పనిచేసిన ఒక పెద్దాయనకి ఎప్పుడూ కడుపునొప్పి, చేతులు వణుకు. తాగుడు వల్ల అనుకునేవాళ్ళం. కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఓనరు మా మిత్రుడికి హైడ్రోమీటరు చేతికిచ్చి చూపించాడు. బ్యాటరీ నిండుగా వుంటే లోపలి ద్రవం బరువు 1.26 ప్రాంతంలో చూపిస్తుంది, దిగిపోతే 1.1 దగ్గరికి వచ్చేస్తుంది. "కరెంటు డబ్బాలో పోసి దాచినట్టు కాదు బాబూ. లోపల సరుకు మారిపోద్ది. కరెంటిస్తే ఒక సరుకు, తీసుకుంటే ఇంకో సరుకు" అన్నాడు. ఇంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. కరెంటు తీసుకునేటప్పుడు పలకల మీది సీసం, ఆమ్లంలోని గంధకాన్ని పట్టుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. తిరిగి కరెంటిస్తే వదిలేస్తుంది. కొత్తగా వచ్చిన లిథియం బ్యాటరీల్లో సీసం లేదు, ఆ ఆమ్లమూ లేదు. లిథియం పరమాణువులు విద్యుదావేశంతో ఒక పలక నుంచి మరో పలకకి ఉయ్యాల ఊగినట్టు పోయి వస్తుంటాయి. కాబట్టి మన కథకుడి కాలువలో కలిసిన ఆమ్లం, ఆటోనగర్ మురుక్కాలువలో నిజం కావచ్చు గాని వాళ్ళ వూరి సర్వే రాళ్ళ మధ్య కాదు.

ఆ తర్వాత లెక్క వేశాం. బల్ల మీదున్న లారీ బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ గంటలు. రెండూ హెచ్చవేస్తే 1200 వాట్ గంటలు. అంటే ఒక యూనిట్, పైన ఇరవై పైసలంత. మనిషి రెండు చేతులతో ఎత్తలేక ఎత్తే ఆ డబ్బాలో వున్నది మనం ఇంటి బిల్లులో కొన్ని రూపాయలకి కొనే సరుకు! మా మిత్రుడు నమ్మలేదు. మళ్ళీ లెక్క వేశాడు. అంతే వచ్చింది. కరెంటుని తయారుచేయడం కంటే దాచడం ఎంత ఖరీదైన పనో ఆ క్షణంలో అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నాంద్‌గావ్ జిల్లాలో సౌర విద్యుత్ కేంద్రంతో కలిపి 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన బ్యాటరీ కేంద్రం 120 మెగావాట్ గంటలు దాస్తుంది. లక్షా ఇరవై వేల యూనిట్లు. మా బల్ల మీది బ్యాటరీలతో కొలిస్తే సరిగ్గా ఒక లక్ష డబ్బాలు.

ఇక్కడ రచయితలందరూ తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. మెగావాట్ వేరు, మెగావాట్ గంట వేరు. నీళ్ళ ట్యాంకుతో చెబుతాను. కుళాయి ఎంత లావుగా వుందన్నది మెగావాట్. ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయన్నది మెగావాట్ గంట. రాజ్‌నాంద్‌గావ్ కుళాయి 40 మెగావాట్లు, ట్యాంకు 120. పూర్తిగా తిప్పితే మూడు గంటల్లో ఖాళీ. పత్రికల్లో "ఇన్ని మెగావాట్ల బ్యాటరీ" అని మాత్రమే రాస్తే, ట్యాంకు సంగతి దాచి కుళాయి మాత్రం చూపించినట్టే. మన రాష్ట్ర ట్రాన్స్‌కో 2025లో పిలిచిన టెండర్లు 1000 మెగావాట్లకీ, 2000 మెగావాట్ గంటలకీ. అంటే రెండు గంటల ట్యాంకు.

రెండు గంటలు ఏం సరిపోతాయని అతను అడిగాడు. ఆ రెండు గంటలు ఏ వేళ అన్నదే ముఖ్యం. మధ్యాహ్నం సౌర విద్యుత్ పుష్కలంగా వస్తుంది. కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన సౌర పార్కు ఒక్కటే 1000 మెగావాట్లది. దాని కిందికి సుమారు 5,900 ఎకరాలు పోయాయి. సాయంత్రం ఆరు దాటితే అంత పార్కూ నిద్రపోతుంది. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో దీపం, ఫ్యాను, వంటింటి మిక్సీ మొదలౌతాయి. పరవాడ దగ్గరి సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాన్ని మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం లేపడం సాధ్యం కాదు. బాయిలరు చల్లబడితే మళ్ళీ రాజుకోవడానికి గంటలు పడుతుంది. కనుక మధ్యాహ్నం సౌర విద్యుత్తుని వద్దనడం, సాయంత్రం బజారులో ఎక్కువ ధరకి కొనడం జరుగుతున్నది. ఈ రెండు పూటల మధ్య వంతెన వేసేదే బ్యాటరీ. అది ఒక్క యూనిట్ కూడా పుట్టించదు. పైగా వంద యూనిట్లు మింగితే ఎనభై అయిదు ప్రాంతంలో తిరిగి యిస్తుంది. మిగతాది వేడిగా పోతుంది.

ఇక్కడ ఒక పక్కమాట. మన రైతుకి మోటారు కరెంటు ఒకప్పుడు రాత్రిళ్ళు వచ్చేది. అర్ధరాత్రి పాముల మధ్య నడిచి మోటారు వేసిన రైతుల కథలు మన సాహిత్యంలో వున్నాయి. పగటి పూట తొమ్మిది గంటలు యివ్వడం మొదలుపెట్టాక ఆ కథలు తగ్గాయి. దాన్ని ఉచితం, భారం అని మాత్రమే చర్చించేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. ఎండ వున్నప్పుడు నడిచే మోటారు ఆ ఎండనే నీళ్ళుగా మార్చి మడిలో దాస్తుంది. లిథియం అక్కర్లేని నిల్వ అది.

గ్రిడ్ అంటే ఏమిటో చెప్పకుండా బ్యాటరీ కథ పూర్తికాదు. దానికి గాజువాకకి మించిన తరగతి గది లేదు. గ్రిడ్‌లోని పెద్ద టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. సెకనుకి యాభై. ఒక్కటి కాదు, ఒకే గ్రిడ్‌లో వున్నవన్నీ, వందల మైళ్ళ దూరంలో వుండి కూడా, ఒకే అడుగులో నడవాలి. రథం తాడు లాగే జనంలా. కొందరు హఠాత్తుగా వదిలేస్తే మిగతావారి మీద బరువు పడుతుంది, వేగం తగ్గుతుంది, ఇంకొందరు వదిలేస్తారు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం అలాగే కూలిపోయింది. అరవై కోట్లకి పైగా జనం చీకట్లో పడ్డారు. దక్షిణాది నిలబడింది. కారణం, మన గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే అడుగులో నడవకపోవడమే. రెంటి మధ్యా గాజువాకలో వున్నటువంటి కేంద్రాలుండేవి. ఇక్కడ 1999లో ఒకటి, 2005లో రెండోది, ఒక్కొక్కటి 500 మెగావాట్లు. ఇవి అటునుంచి వచ్చిన కరెంటుని ఏసీ నుంచి డీసీగా మార్చి, మళ్ళీ మన అడుగుకి తగిన ఏసీగా మార్చి పంపుతాయి. అక్కడి కుదుపు యిక్కడికి దాటదు. 2013 చివరి రోజున దక్షిణాదీ దేశమంతటితో ఒకే అడుగులో కలిసింది. బలమూ పెరిగింది, కుదుపు దాటే అవకాశమూ వచ్చింది.

బ్యాటరీ కేంద్రంలో వుండే ముఖ్యయంత్రం ఆ గాజువాక యంత్రానికి చిన్న తమ్ముడు. బ్యాటరీది డీసీ, గ్రిడ్‌ది ఏసీ. మధ్యన నిలబడి మార్చేది ఇన్వర్టరు. దానికి తిరిగే చక్రం లేదు గనుక రెప్పపాటులో స్పందిస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో జేమ్స్‌టౌన్ అనే పల్లెపట్టు ఊరి దగ్గర 2017లో 100 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం పెట్టారు. పెట్టిన నెలలోనే దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఒక బొగ్గు యూనిట్ పడిపోతే, మిగతా కేంద్రాలు తేరుకునే లోపలే ఈ గొర్రెల మేత భూముల మధ్యనుంచి కరెంటు పోయింది. మొత్తం అవసరంలో అది చిటికెడే. కాని ఆ చిటికెడు ముందుగా అందింది.

ఇక అతని ఊళ్ళో అసలు ఏం కనబడుతుంది? ముందు నేల చదును చేస్తారు. సిమెంటు దిమ్మెలు పోస్తారు. కేబుళ్ళకి కందకాలు తవ్వుతారు, ఎర్తింగు కోసం నేలలో ఇనప వల పరుస్తారు. ఈ పనులకి మనుషులు కావాలి. వారు చాలావరకు మేస్త్రీ వెంట వచ్చే వలస కూలీలు. ఆ తర్వాత ట్రైలర్ల మీద కంటైనర్లు వస్తాయి, విశాఖ రేవులో మనం రోజూ చూసేటటువంటివే. ఇప్పుడొస్తున్న ఇరవై అడుగుల కంటైనరు ఒకదానిలో 5 మెగావాట్ గంటలు పడతాయి. మా బల్ల లెక్కలో నాలుగు వేలకి పైగా లారీ బ్యాటరీలు! క్రేను వాటిని దిమ్మెల మీద పెడుతుంది. పక్కన ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్‌కి ఒక లైను. చుట్టూ కంచె. పరీక్షలు అయ్యాక అందరూ వెళ్ళిపోతారు. మిగిలేది వేడిని చల్లార్చే ఫ్యాన్ల మోత, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు, గేటు దగ్గర కాపలా మనిషి. ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వదలాలో ఆజ్ఞ ఎక్కడో నగరంలోని గది నుంచి వస్తుంది. పొగగొట్టం లేదు. షిఫ్టు లేదు. గేటు ముందు బారు లేదు.

అది విన్నాక మా మిత్రుడు నిరుత్సాహపడ్డాడు. "అయితే మాస్టారూ, ఇందులో కథేముంది?" అన్నాడు.

ఇదే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన ప్రశ్న. మన అభ్యుదయ కథకి కర్మాగారం అంటే మనుషులు గుమికూడే చోటు. సైరన్, షిఫ్టు, యూనియన్, సమ్మె—ఈ ప్రతీకలు ఆ గుంపునుంచి పుట్టినవి. ఈ ఆవరణలో గుంపు లేదు. శ్రమ లేదని కాదు, శ్రమ ఆవరణ దాటి వుంది. లిథియం చిలీలోని అటకామా ఎడారి ఉప్పునీటి మడుగుల్లోంచి, ఆస్ట్రేలియా గనుల్లోంచి వస్తుంది. సెల్స్ అత్యధికంగా చైనాలో తయారౌతాయి. కందకం తవ్విన కూలి అప్పటికే మరో జిల్లాలో మరో కందకం తవ్వుతుంటాడు. వీళ్ళెవరూ ఒకరి మొగం ఒకరు చూడరు. పాత ప్రతీకలు ఇక్కడికి మోసుకొస్తే అవి నాటకం సామాను లాగా బోలుగా మోగుతాయి.

మరి ఇక్కడ లాభం, నష్టం ఏ రూపంలో వస్తాయి? కాగితం రూపంలో. బ్యాటరీ కేంద్రాన్ని నేను గిడ్డంగి అంటాను. గుంటూరు మిర్చి రైతుకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. పంట చేతికొచ్చిన వేళ ధర వుండదు. దాచుకోగలవాడు దాచి, ధర వచ్చినప్పుడు అమ్ముతాడు. ఇక్కడ మిర్చి బదులు మధ్యాహ్నపు కరెంటు. గిడ్డంగి ఎవరి చేతిలో వుందో, సాయంత్రపు ధర వాళ్ళ చేతిలో వుంటుంది. మన దేశంలో సాధారణంగా నడుస్తున్న పద్ధతిలో కంపెనీ గిడ్డంగి కడుతుంది, ప్రభుత్వ సంస్థ నెలకి మెగావాట్‌కి ఇంత అని అద్దె ఇస్తుంది. 2022లో కేంద్ర సంస్థ పిలిచిన టెండరులో ఆ అద్దె నెలకి 10 లక్షల 80 వేల పైచిలుకు పలికింది. 2025 నాటికి రెండు లక్షల చిల్లరకి దిగింది. ధర ఇంతగా పడడం మంచిదే, ప్రజలకి మేలే. ఐతే అదే 2022 టెండరులో నూటికి అరవై వంతులే ప్రభుత్వ సంస్థ తీసుకుంది, మిగతా నలభై కంపెనీ బజారులో తన యిష్టానికి అమ్ముకోవచ్చు. అంతేకాదు, 2023 సెప్టెంబరులో ఆమోదించిన పథకం కింద కేంద్రం ఇలాంటి కేంద్రాలకి పెట్టుబడిలో నలభై శాతం దాకా సాయం చేస్తానంది. సాయం ప్రజలది. అరవై, నలభై అన్న గీత ఎక్కడ గీస్తారన్నది ప్రజలు అడగవలసింది. ఆ గీత ఏ పల్లె సభలోనూ చర్చకి రాదు. కరెంటు చార్జీల మీద ఈ రాష్ట్రంలో జనం ప్రాణాలిచ్చారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. అప్పుడు ధర బిల్లు మీద అచ్చయి కనబడింది కనుక కోపానికి ఒక చిరునామా దొరికింది.

కాగితంలో కథ ఎలా వుంటుందని సందేహించేవారు కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" మళ్ళీ చదవాలి. 1966లో వచ్చిన ఆ కథలో పొగగొట్టం లేదు. ఒక అప్పు తగవు చుట్టూ ఊరి అభివృద్ధి చరిత్ర అంతా తిరుగుతుంది. లెక్క న్యాయంగానే వుంటుంది, మనిషి మాత్రం మిగలడు. కౌలు పత్రానికి కూడా అలాంటి కథకుడు కావాలి.

ఆ తండ్రి దగ్గరున్న పత్రం నమూనా మా మిత్రుడు మర్నాడు తెచ్చి చూపించాడు. ఇంగ్లీషులో వుంది. ఇద్దరం కూర్చుని చదివాం. నాకు అర్థమైనంతవరకు, పాతికేళ్ళ పైన గడువు. ఆ హక్కుని కంపెనీ మరొకరికి బదలాయించవచ్చు, బ్యాంకుకి తాకట్టు పెట్టవచ్చు. గడువు తీరాక దిమ్మెలూ కేబుళ్ళూ ఎవరు తీయాలన్న చోట వాక్యం మెత్తగా జారిపోయింది. బ్యాటరీ సత్తువ ఏటికేడాది తగ్గుతుంది. పన్నెండు, పదిహేనేళ్ళకి మార్చాలి. మార్చిన పాత కంటైనర్లు ఎక్కడికి పోతాయి? ఆటోనగర్‌లో పాత బ్యాటరీ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆ పెద్దాయన చేతుల్లోకి పోతుంది. కనుక ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

అన్నిటికన్నా పెద్ద మౌనం ఇంకొకటి. ఆ మూడెకరాలకి పక్కనున్న భూమి వేరొకరిది. దాన్ని పదేళ్ళుగా కౌలుకి చేస్తున్న మనిషి పేరు పత్రంలో ఎక్కడా లేదు. కలుపు తీసే ఆడవాళ్ళ పేర్లు అసలే వుండవు. పట్టాదారుకి ఏటా కౌలు వస్తుంది, వానతో పనిలేకుండా. నిజానికి చిన్న రైతుకి అది చెడ్డ బేరం కాకపోవచ్చు. ఈ మాట మన పత్రికలో రాయడానికి నేను వెనకాడను. పోయేది పట్టా లేనివాడి పని. మన మిత్రుడి కథలో రైతూ కూలీ ఒక్కటై గేటు పగలగొట్టారు గాని, అసలు ఊళ్ళో ఆ కంచె మొదట వాళ్ళిద్దరి మధ్యనే లేస్తుంది.

"పేలుద్దా?" అన్నది తండ్రి రెండో ప్రశ్న. సూటిగా చెప్పాలి. లిథియం సెల్ లోపల లోపం తలెత్తితే వేడి పుడుతుంది, ఆ వేడి పక్క సెల్‌ని అంటుకుంటుంది, అలా గొలుసుగా పాకుతుంది. అప్పుడు వెలువడే వాయువులు మూసివున్న చోట పోగుపడితే పేలుడు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆరిజోనాలో ఒక చిన్న కేంద్రం తలుపు తెరిచినప్పుడు అదే జరిగి నలుగురు అగ్నిమాపక సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్‌లో పెద్ద కేంద్రం తగలబడింది, వెయ్యి మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేశారు. అక్కడ బ్యాటరీలన్నీ ఒకే పాత భవనంలో కిక్కిరిసి వుండేవి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఐరన్ ఫాస్ఫేట్ రకం త్వరగా అంటుకోదు, కంటైనర్లని ఆరుబయట ఎడంగా పెడతారు. కనుక భయం తగ్గించుకోవచ్చు. పోగొట్టుకోలేం. విశాఖవాసికి అసలు పాఠం వేరే వుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం ఊరి మీదికి స్టైరిన్ ఆవిరి వచ్చింది, పన్నెండు మంది పోయారు. ఆ ఉదయం సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. ఆ ఊరివాళ్ళకి తమ పక్కన ట్యాంకులో ఏముందో తెలియదు. బ్యాటరీ కేంద్రం పక్క ఊరివాళ్ళకీ, దగ్గరి ఫైర్ స్టేషన్‌వాళ్ళకీ కంటైనర్లలో ఏముందో, అంటుకుంటే ఏ వైపు పరిగెత్తాలో తెలుగులో రాసిన కాగితం ఒకటి ముందే అందాలి. మన కథకుడు సైరన్‌ని కథలోంచి తీసేయక్కర్లేదని అప్పుడనిపించింది. షిఫ్టు సైరన్ తీసేసి ఈ సైరన్ పెట్టుకోవాలి.

ఇంతకీ నేను దీనికి అనుకూలమా, వ్యతిరేకమా అని సమావేశంలో అడిగారు. మన్యం చూసి జవాబు చెబుతాను. నీళ్ళని కొండ మీదికి తోడి, సాయంత్రం కిందికి వదలడం కూడా నిల్వే. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అలా రెండువైపులా తిరగగలవి, వున్నాయి. ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల అలాంటి పథకం తలపెట్టారు, తూర్పు కనుమల్లో మరికొన్ని ప్రైవేటు ప్రతిపాదనలున్నాయి. అదే కొండల్లో 1955లో మాచ్‌ఖండ్ దీపం వెలిగింది. ఆ దీపం కోసం నీళ్ళకింద పోయిన ఆదివాసీ ఊళ్ళు, తీగలు తలమీదుగా పోతున్నా చాలాకాలం చీకట్లోనే వున్న ఊళ్ళు ఆ ప్రాంతపు చరిత్ర. దానితో పోలిస్తే సబ్‌స్టేషన్ పక్కన కొద్ది ఎకరాల్లో ఇమిడిపోయే కంటైనర్లు నాకు తక్కువ నష్టంగా కనబడుతున్నాయి. అదికూడా పచ్చటి మూడెకరాల్లో ఎందుకు? ఇప్పటికే పరిశ్రమ కింద పోయిన నేల ఈ జిల్లాల్లో తక్కువేమీ లేదు. ఈ ప్రశ్నకి ఖర్చు లెక్క చూపిస్తే వినడానికి సిద్ధమే. ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

తండ్రి ఇంకా సంతకం చేయలేదు. గడువు తీరాక నేలని మునుపటిలా చేసి అప్పగించాలనీ, అందుకు డబ్బు ముందే డిపాజిట్ చేయాలనీ, పత్రం తెలుగులో కావాలనీ అడగమని మేము చెప్పాం. పక్క చేను కౌలుదారు సంగతి కూడా అడగమన్నాం. దానికి ఆయన చాలాసేపు మాట్లాడలేదట.

కథ మాత్రం తిరగరాస్తున్నాడు. ఇప్పుడు మొదటి పేరాలో రాత్రి కాపలావాడున్నాడు. ఒకప్పుడు ఆ చేలో కౌలు చేసినవాడే. కంచె లోపల ఫ్యాన్లు హఠాత్తుగా జోరందుకుంటే, నగరంలో ఎక్కడో దీపాలు ఎక్కువ వెలిగాయని అతనికి తెలుస్తుంది. "నింపేటప్పుడు కూడా ఫ్యాన్లు తిరుగుతాయా మాస్టారూ, లేక వదిలేటప్పుడేనా?" అని మొన్న ఫోన్ చేసి అడిగాడు. రెండు వేళలా తిరుగుతాయని చెప్పాను. అయితే ఆ వాక్యం మార్చాలి అన్నాడు.